పది పేర్ల రిలే ఆటకి లెటర్‌బాక్స్‌డ్ పనికొస్తుందా?

ముందే చెప్పేస్తాను. పనికొస్తుంది, కానీ అదొక్కటే వాడితే చాలదు. సినిమాల మీద రాసేవాళ్ళు, సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు కలిసి ఆడుకునే లిస్టు ఆటల్లో రిలేని మించినది నాకైతే ఇంతవరకు కనబడలేదు. దాన్ని నడపాలనుకునేవాళ్ళు చాలామంది ముందుగా వెళ్ళేది, చూసిన సినిమాలు రాసుకుని లిస్టులు వేసుకునే వెబ్‌సైటు లెటర్‌బాక్స్‌డ్‌కే కాబట్టి, ఆ ఒక్క పనికి ఈ సర్వీసు ఎంతవరకు సరిపోతుందన్నదే ఇక్కడ రాస్తున్నాను. డైరీ, స్టార్ రేటింగులు, ఏడాది చివర వచ్చే లెక్కలు, వీటి జోలికి వెళ్ళను.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకరు ఒక విషయం తీసుకుని పది పేర్లతో లిస్టు వేస్తారు, పదిమంది గొప్ప హాస్యనటులు అనుకోండి, లేదా ఒక దశాబ్దంలో వచ్చిన పది గొప్ప మొదటి సినిమాలు. దాన్ని ఇంకొకరి చేతికి ఇస్తారు. ఆ రెండోవాళ్ళు అందులోంచి ఒక పేరు తీసేయాలి, ఎందుకు తీశారో రాయాలి, దాని స్థానంలో ఒక కొత్త పేరు పెట్టాలి, ఎందుకు పెట్టారో రాయాలి, మళ్ళీ ఇంకొకరికి అందించాలి. లిస్టులో ఎప్పుడు చూసినా పదే ఉంటాయి. ఇంతకు మించి రూల్స్ లేవు, ఉన్నా అవి ఎవరి గుంపు వాళ్ళు పెట్టుకునేవే.

చూడటానికి చాలా చిన్న ఆట. కానీ ఒక్కసారి మీ వంతు వచ్చాక తెలుస్తుంది దీని బరువెంతో. ఎందుకంటే మామూలుగా లిస్టు వేసేటప్పుడు మనం నచ్చినవి రాసుకుంటూ పోతాం, రాయనిదాని గురించి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, మర్చిపోయానంటే సరిపోతుంది. ఇక్కడ ఆ వీలు లేదు. మీ ముందు పది మంచి పేర్లున్నాయి, పదీ ఎవరో ఒకరు ప్రేమతో పెట్టినవే, ఆ పెట్టినవాళ్ళు మీకు తెలిసినవాళ్ళే, అందులో ఒకదాన్ని మీ చేత్తో తీసేసి కారణం నలుగురి ముందు చెప్పాలి. మన మొహమాటమంతా అక్కడే బయటపడుతుంది. మొహమాటపడి, ఎవరూ బాధపడరులే అని అందరికంటే అనామకంగా ఉన్న పేరు తీసేస్తే ఆట చప్పబడిపోతుంది, ఎందుకంటే నలుగురికీ అంతగా తెలియని పేరు ఆ లిస్టులోకి రావడమే ఈ ఆటలో జరిగే మంచి పని.

మా గుంపులో హాస్యనటుల రిలే నడిచినప్పుడు మొదటి లిస్టులో చార్లీ చాప్లిన్, బస్టర్ కీటన్ ఇద్దరూ ఉన్నారు. కొన్ని వంతులపాటు ఆ ఇద్దరినీ ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత ఒకామె చాప్లిన్‌ని తీసేసింది. గోల మొదలైంది. కానీ ఆమె రాసిన కారణం చదివాక సగం గోల ఆగిపోయింది. చాప్లిన్ గొప్పతనం అతని ముఖంలో, ఒంట్లో ఉంది, కెమెరా దాన్ని చూస్తూ ఉంటే చాలు, కీటన్‌కి మాత్రం కెమెరా ఎక్కడ పెడితే నవ్వు పుడుతుందో తెలుసు, నవ్వు ఫ్రేములోనే ఉంటుంది అని రాసింది. 1928లో ఒక ఇంటి ముందుగోడ మొత్తం కీటన్ మీదికి పడితే తెరిచి ఉన్న కిటికీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికి వచ్చి అతనికి గీత కూడా పడకుండా ఉండే షాట్ ఉంది కదా, దాన్ని దగ్గర్నుంచి తీసుంటే అది వట్టి ప్రమాదంలా ఉండేదనీ, మొత్తం ఇల్లూ మొత్తం మనిషీ కనబడేంత దూరం నుంచి తీశారు కాబట్టే అది హాస్యమైందనీ ఆమె వాదన. నేను చాప్లిన్ పక్షం. ఇప్పటికీ అదే పక్షం. అయినా ఆ కారణం చదివాక కీటన్ సినిమాలు మళ్ళీ మొదటినుంచి చూశాను, ఈసారి కెమెరా ఎంత దూరంలో ఉందో గమనిస్తూ. ఒక ఓటు వల్లనో ఒక రేటింగు వల్లనో నేను ఆ పని చేసి ఉండేవాణ్ణి కాదు.

అందుకే ఈ ఆటకి ఏ సర్వీసు వాడినా నేను చూసేది ఒక్కటే: తీసేసిన పేరూ, తీసేసిన కారణమూ పోకుండా దాస్తుందా లేదా. మిగతావన్నీ తర్వాత.

ఇక లెటర్‌బాక్స్‌డ్. 2011లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో మాథ్యూ బుకానన్, కార్ల్ వాన్ రాండో అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఇందులో లిస్టు చేయడం నిజంగా హాయిగా ఉంటుంది. పేరు పెడతారు, పైన వివరణ రాస్తారు, సినిమాలు ఒక్కొక్కటీ చేరుస్తారు, నంబర్లు కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు, పోస్టర్లన్నీ వరసగా పేర్చి కనబడతాయి. రిలే ఆటకి అసలు పనికొచ్చేది ప్రతి సినిమా కింద విడిగా నోట్ రాసుకునే వీలు. సినిమాని చేర్చిన కారణం దాని పక్కనే ఉండిపోతుంది, తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని చదివాకే తీయాలా వద్దా అని ఆలోచిస్తారు. వట్టి పోస్టర్‌ని తీసేయడం తేలిక, పక్కన ఒక మనిషి మనసుపెట్టి రాసిన నాలుగు వాక్యాలున్న పోస్టర్‌ని తీసేయడం అంత తేలిక కాదు. ఆట నాణ్యత పెరిగేది ఇక్కడే.

ఇంకోటి, ఖాతా ఉండి ఆ లిస్టు తెరిచిన ప్రతివాళ్ళకీ అందులో తాము ఎంత శాతం చూశారో కనబడుతుంది. ఇది మామూలు లిస్టులకి ఒక సరదా మాత్రమే, రిలేలో మాత్రం గట్టి ఆయుధం. చూడని సినిమాని తీసేయకూడదు అన్న రూల్ మీ గుంపులో లేకపోతే వెంటనే పెట్టుకోండి. చూడకుండా తీసేయడమన్నది ఈ ఆటని అన్నింటికంటే ఎక్కువ చెడగొట్టే పని, అందరూ చేస్తారు, ఎవరూ చెప్పరు. ఆ శాతం చూసుకుని తన వంతు వచ్చేలోపు మిగిలినవి చూసేస్తానని గడువు అడిగేవాళ్ళు ఉంటారు, అలా అడిగినవాళ్ళకి గడువు ఇవ్వండి, వాళ్ళే ఈ ఆటకి ప్రాణం.

సినిమా వివరాలు ఇది టీఎండీబీ (ద మూవీ డేటాబేస్) నుంచి తెచ్చుకుంటుంది. ఆ డేటాబేసు సభ్యులు తలా ఒక చెయ్యి వేసి నింపేది, కాబట్టి మీరు చేర్చాలనుకున్న సినిమా దొరక్కపోతే నిరాశపడక్కర్లేదు, అక్కడ ఖాతా తెరిచి వివరాలు చేర్చితే కొంతసేపటికి ఇక్కడికీ వస్తుంది. తక్కువమంది చూసిన భాషల సినిమాలు, చిన్న సినిమాలు, పొట్టి సినిమాలు ప్రేమించేవాళ్ళకి ఇది చాలా పెద్ద సంగతి.

అసలు చిక్కులు రెండు.

మొదటిది, ఇక్కడి లిస్టుల్లో పట్టేది సినిమాలే. నటులతో, ఛాయాగ్రాహకులతో, సన్నివేశాలతో, పాటలతో రిలే ఆడాలంటే కుదరదు. పదిమంది నటులు కావాలంటే ఒక్కొక్కరికీ గుర్తుగా ఒక్కో సినిమా పెట్టి నోట్‌లో నటుడి పేరు రాయాలి. ఇది పైకి సర్దుబాటులా ఉంటుంది కానీ ఆట స్వభావాన్నే మార్చేస్తుంది, ఎందుకంటే ఆ నటుడికి ఆ సినిమానే ఎందుకు గుర్తు అన్న పేచీ మొదలవుతుంది, నటుడి మీద జరగాల్సిన వాదన సినిమా మీదికి పోతుంది. మనుషుల పేర్లతో ఆడేవాళ్ళకి ఐఎండీబీ లిస్టులు నయం, అక్కడ సినిమాలతోనూ లిస్టు చేయొచ్చు, వ్యక్తులతోనూ చేయొచ్చు, ఒక్కో పేరు కింద వివరణా రాయొచ్చు. చూడటానికి అంత ముచ్చటగా ఉండదు, నిజమే, పని మాత్రం జరుగుతుంది.

రెండోదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. లిస్టులోంచి సినిమా తీసేస్తే దాని నోట్ కూడా పోతుంది. ఏ ఆటలోనైతే తీసేయడమే ప్రధానమో ఆ ఆటలో తీసేసినవాటికి చోటే లేదన్నమాట. పది వంతులు గడిచాక లిస్టు తెరిచిన కొత్తవాళ్ళకి నున్నగా సర్దిపెట్టిన పది పోస్టర్లు కనబడతాయి, వాటి కోసం ఎవరెవరు ఎంత కొట్టుకున్నారో ఏమీ తెలియదు. సర్వీసు తప్పు అనను, వాళ్ళు దాన్ని ఈ ఆట కోసం కట్టలేదు. కానీ మనం దీనికి దారి వెతుక్కోవాలి, దారులు ఉన్నాయి.

ఒకటి, అసలు లిస్టు పక్కనే "తీసేసినవి" అని ఇంకో లిస్టు పెట్టడం. ఎవరు ఏది తీస్తే అది అందులోకి వెళ్తుంది, నోట్‌లో ముందు చేర్చినవాళ్ళ కారణం, దాని కింద తీసేసినవాళ్ళ కారణం, రెండూ ఉంటాయి. నమ్మండి, కొన్నాళ్ళకి మొదటి లిస్టు కంటే ఇదే ఎక్కువమంది చదువుతారు. నేనైతే ఏ రిలే చూసినా ముందు ఇదే అడుగుతాను. గొప్ప సినిమాల లిస్టులు లోకంలో లెక్కలేనన్ని ఉన్నాయి, గొప్ప సినిమా అని ఒకరు రాసినదాన్ని కాదని ఇంకొకరు మర్యాదగా, కారణం చెప్పి పక్కన పెట్టిన లిస్టులు ఎన్నున్నాయి?

రెండో దారి, ఎవరి వంతులో వాళ్ళు ముందువాళ్ళ లిస్టుని తమ ఖాతాలోకి కాపీ చేసుకుని, మార్చి, వివరణలో ముందు లిస్టు లింకు ఇచ్చి తర్వాతివాళ్ళకి అందించడం. ఇలా చేస్తే ప్రతి దశా ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది, వెనక్కి నడుచుకుంటూ మొదటిదాకా వెళ్ళొచ్చు. అందం ఉన్న పద్ధతే, కానీ మధ్యలో ఎవరైనా విసుగొచ్చి ఖాతా మూసేస్తే గొలుసు తెగిపోతుంది.

మూడో దారి, చూడటానికి ఏ అందమూ లేనిది, పనిలో మాత్రం దిట్ట: గూగుల్ షీట్స్. అందరూ ఒకే షీట్‌లో రాయొచ్చు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది, సినిమా అయినా నటుడైనా సన్నివేశమైనా ఏదైనా పడుతుంది. ఒక వరసలో వంతు, ఎవరు ఆడారు, తీసినది, కారణం, చేర్చినది, కారణం. నేను ఇప్పుడు చెప్పేది ఇదే, ఆట లెక్కంతా షీట్‌లో నడపండి, ముఖం మాత్రం లెటర్‌బాక్స్‌డ్‌లో పెట్టండి. పోస్టర్లు చూసి వచ్చేవాళ్ళు వస్తారు, వాదన చదవాలనుకున్నవాళ్ళు షీట్‌లోకి వెళ్తారు.

ఇంత గొడవెందుకు, అందరి దగ్గరా ఓట్లు తీసుకుని కలిపేస్తే పోదా అని అడిగేవాళ్ళుంటారు. అదీ ఒక ఆటే, పెద్ద ఆట. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి సైట్ అండ్ సౌండ్ పత్రిక 1952 నుంచి పదేళ్ళకోసారి చేసేది అదే, ప్రతి ఒక్కరూ పదేసి సినిమాలు ఇస్తారు, వరస లేదు, ఒక్కో సినిమాకి ఒక్కో ఓటు. 1962 నుంచి 2002 దాకా ఐదుసార్లు సిటిజన్ కేన్ మొదటిది, 2012లో వర్టిగో దాన్ని దాటింది, 2022లో జీన్ డీల్‌మన్ వచ్చింది. ఆ పోల్ మీద నాకు చాలా గౌరవం. కానీ లోపలి అంకెలు ఒక్కసారి చూడండి. 2012లో 846 మంది ఓటు వేస్తే వర్టిగోకి వచ్చినవి 191, సిటిజన్ కేన్‌కి 157. అంటే అన్నింటికంటే గొప్పదని పేరు తెచ్చుకున్న సినిమాని తమ పదిలో రాసినవాళ్ళు నాలుగో వంతు కూడా లేరు. మిగతా మూడొంతుల పైచిలుకు మంది దాన్ని ఎందుకు రాయలేదు? వాళ్ళు చూసి వద్దనుకున్నారా, పదకొండోదిగా ఆగిపోయిందా, ఎప్పుడూ రాస్తున్నదే కదా ఈసారి వేరే దానికి చోటిద్దామనుకున్నారా? ఓట్ల లెక్క ఆ సంగతి చెప్పదు. రిలే చెప్పి తీరాలి, దాని రూలే అది.

మార్కులు పెట్టి కలిపినా ఇదే తంతు. మొదటి స్థానానికి పది, రెండోదానికి తొమ్మిది, అలా పదోదానికి ఒకటి ఇచ్చి కూడటం చిన్న గుంపుల్లో అందరూ చేసేదే, 1770లో ఫ్రాన్స్‌లో బోర్డా అనే ఆయన ప్రతిపాదించిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఎనిమిదిమంది ఆడారనుకోండి. నలుగురు నెత్తిన పెట్టుకుని మొదటి స్థానం ఇచ్చి, మిగతా నలుగురు అసలు రాయని సినిమాకి నలభై మార్కులు. ఎనిమిదిమందీ ఆరో స్థానంలో పెట్టిన సినిమాకి, మనిషికి ఐదు చొప్పున, అదీ నలభయ్యే. ఒకటి కొందరికి ప్రాణం, ఇంకోటి అందరికీ ఫరవాలేదు. రెండూ ఒక్కటేనని లెక్క చెబుతుంది. సినిమాల మీద మనసుపెట్టి రాసే గుంపు తేల్చుకోవాల్సిన తేడా సరిగ్గా అదే కదా.

నాకౌట్ ఆటలు, అంటే రెండేసి సినిమాలకి పోటీ పెట్టి గెలిచినదాన్ని ముందుకు పంపడం, హుషారుగా ఉంటాయి, కొత్తవాళ్ళు తేలిగ్గా చేరతారు. కానీ ఫలితాన్ని పెద్దగా పట్టించుకోకండి. ముగ్గురు మనుషులు, మూడు సినిమాలు ఉంటే చాలు, మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది తిరిగి మొదటిదాన్ని రెండు ఓట్లతో ఓడించే వీలుంది. 1785లోనే కాండోర్సే అనే ఫ్రెంచి గణితవేత్త దీని గురించి రాశాడు. ఎవరు ముందు ఎవరికి ఎదురుపడ్డారన్న దాన్ని బట్టి విజేత మారిపోతే ఇక ఆ విజేతకి అర్థమేముంది.

డ్రాఫ్ట్ మాత్రం నాకు ఇష్టం. నలుగురు ఆడితే ఒకటి, రెండు, మూడు, నాలుగు వరసలో తలా ఒక సినిమా తీసుకుంటారు, తర్వాతి రౌండులో వరస తిరగబడుతుంది, నాలుగోవాళ్ళే మళ్ళీ ముందు. ఒకరు తీసుకున్నది ఇంకొకరికి దక్కదు. మనకి ప్రాణమైనదాన్ని ముందే తీసుకోవాలా, ఎవరూ ఆశపడరులే అని తర్వాతి రౌండుకి ఆపాలా అన్న టెన్షన్‌లో గుంపులో ఎవరి అభిరుచి ఏమిటో బాగా తెలిసిపోతుంది. లెటర్‌బాక్స్‌డ్ దీనికి ఏ సర్దుబాటూ లేకుండా సరిపోతుంది, ఎవరి లిస్టు వాళ్ళ ఖాతాలో ఉంటుంది, ఏదీ తీసేసే పని లేదు.

మళ్ళీ రిలేకి వస్తే, సర్వీసు ఏదైనా కొన్ని రూల్స్ లేకుండా మొదలుపెట్టకండి. తీసేసిన పేరు ఆట నడుస్తున్నంతకాలం మళ్ళీ రాకూడదు, లేదంటే ఇద్దరు మొండివాళ్ళు ఒకే పేరుతో తాడు లాగుతూ కూర్చుంటారు, మిగతావాళ్ళు లేచి వెళ్ళిపోతారు. మీకు సరిగ్గా ముందు ఆడినవాళ్ళు చేర్చిన పేరుని మీరు తీయకూడదు, కనీసం ఒక వంతైనా అది ఊపిరి పీల్చుకోవాలి. గడువు వారం, దాటితే వంతు తర్వాతివాళ్ళకి, ఇందులో మొహమాటం వద్దు, నేను చూసిన రిలేల్లో చాలావరకు వాదన ముదిరి ఆగినవి కావు, ఎవరో ఒకరి దగ్గర లిస్టు నిద్రపోయి ఆగినవే. కారణం కనీసం నాలుగైదు వాక్యాలుండాలి, అందులో సినిమాలోని ఒక సన్నివేశమో షాటో మాటో పేరుపెట్టి చెప్పాలి. "నాకు ఎక్కలేదు" అన్నది కారణం కాదు, లిస్టు వెనక్కి పంపండి.

తర్వాతివాళ్ళని ఎంచుకోవడం గురించి కూడా ఆలోచించాలి. మనకి నచ్చిందే నచ్చేవాళ్ళకి అందిస్తూ పోతే లిస్టు నాలుగు వంతుల్లో గట్టిపడిపోతుంది. మీతో పడనివాళ్ళకి ఇవ్వండి, మీకు తెలియని భాషల సినిమాలు చూసేవాళ్ళకి ఇవ్వండి, మీ లిస్టులో తప్పకుండా ఏదో ఒకటి పీకేస్తారని మీకు భయం ఉన్నవాళ్ళకే ఇవ్వండి. చివర్లో ఓటు పెట్టి పదికీ వరస కట్టే అలవాటు కొన్ని గుంపుల్లో ఉంది, నాకది నచ్చదు, అన్నాళ్ళు కారణాలతో నడిచినదాన్ని మళ్ళీ అంకెల్లోకి తోయడం ఎందుకు? మేం ఆట ఆపినప్పుడు చేసేది వేరే. మొదటి లిస్టు వేసిన మనిషికే చివరి వంతు ఇస్తాం, తను పెట్టిన పదిలో ఇంకా ఏం మిగిలాయో చూసుకుని, తీసేసినవాటిలోంచి ఒకదాన్ని, ఒక్కదాన్నే, వెనక్కి తెచ్చుకునే హక్కు వాళ్ళకి ఉంటుంది. హాస్యనటుల రిలేలో అలా చాప్లిన్ వెనక్కి వస్తాడని అందరం అనుకున్నాం. మొదటి లిస్టు వేసినతను ఆయన్ని తేలేదు, మధ్యలో ఎవరో చేర్చి రెండు వంతుల్లోనే పోగొట్టుకున్న, మాలో చాలామంది అప్పటిదాకా పేరు కూడా వినని ఒక నటిని తెచ్చాడు. ఆమె సినిమాలు ఇప్పుడు చూస్తున్నాను.